చివరి రెండు నిమిషాల్లో గేమ్ క్లాక్ తప్పితే రిఫరీ ఏం చేయాలి

బాస్కెట్‌బాల్ ఆట మొదటి క్వార్టర్‌లో క్లాక్ రెండు సెకన్లు ఎక్కువ తిరిగినా ఎవరికీ పట్టదు. అవే రెండు సెకన్లు నాలుగో క్వార్టర్ చివర్లో పోతే రెండు బెంచీలూ స్కోరర్ల టేబుల్ మీద పడతాయి. బెంగళూరు కంపెనీ లీగుల్లో, కాలేజీ ఫెస్టుల్లో, అపార్ట్‌మెంట్ టోర్నీల్లో విజిల్ పట్టే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఆధారం అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నియమాలు: పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు, స్కోరు సమమైతే ఐదేసి నిమిషాల ఓవర్‌టైమ్.

టైమ్‌కీపింగ్‌లో జరిగిన తప్పును క్రూ చీఫ్ (ప్రధాన రిఫరీ) స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టేలోపు ఎప్పుడైనా సరిదిద్దవచ్చని నియమం చెబుతోంది. అంటే అధికారం విషయంలో లోటు లేదు. ఎంతకు సరిదిద్దాలో చెప్పే అంకె దగ్గరే అందరూ చిక్కుకుంటారు. ఆ అంకె తప్పు జరిగాక ఎక్కడినుంచో ఊడిపడదు. విజిల్ ఊదిన క్షణంలో, బంతి చేతికిచ్చే ముందు, క్లాక్ వైపు చూసిన రిఫరీ దగ్గరే ఉంటుంది. అందుకే సగం పని ఆట మొదలవకముందే అయిపోవాలి.

టేబుల్ దగ్గర ఐదు నిమిషాలు

ఆట సమయానికి 20 నిమిషాల ముందే రిఫరీలు కోర్టు మీద ఉండాలి. అందులో ఐదు నిమిషాలు టేబుల్‌కు కేటాయించండి. క్లాక్‌ను 0:05.0కి పెట్టించి సున్నా దాకా నడిపించండి. హారన్ దానంతట అదే మోగుతోందా, మోగినప్పుడు బోర్డు మీద 0.0 ఉందా చూడండి. తర్వాత ఒక నిమిషం నడిపించి చేతి స్టాప్‌వాచ్‌తో పోల్చండి. చివరగా టైమర్‌ను, అంటే క్లాక్ నడిపే మనిషిని, అడగవలసిన అసలు ప్రశ్న: "క్లాక్‌ను 6.4కి మార్చి చూపించు." చాలామందికి స్టార్ట్, స్టాప్ బాగానే వస్తాయి, ఆగిన క్లాక్‌లో పదో వంతు సెకను మార్చడం మాత్రం రాదు. అది ఆట చివర, రెండు వందల మంది అరుస్తుండగా నేర్చుకునే విద్య కాదు.

ఫీబా ప్రకారం చివరి నిమిషంలో క్లాక్ పదో వంతు సెకన్లు చూపించాలి. మన లోకల్ టోర్నీల్లో దొరికే చౌక బోర్డులు కొన్ని పూర్తి సెకన్లే చూపిస్తాయి. వాటిలో కొన్ని మిగిలిన భిన్నాన్ని కోసేస్తాయి, అంటే 0.9 సెకన్లు మిగిలి ఉన్నా బోర్డు మీద సున్నా కనిపిస్తుంది. అలాంటి బోర్డుతో ఆడుతుంటే ఆట ముగిసేది హారన్‌తోనే గానీ సున్నాతో కాదని రెండు జట్లకూ ముందే చెప్పేయండి. బాస్కెట్ వెనక పలక (బ్యాక్‌బోర్డు) చుట్టూ ఎర్ర లైటు వెలిగే ఏర్పాటు ఉన్నచోట హారన్ శబ్దం కంటే ఆ లైటుదే తుది మాట.

టైమర్ దగ్గర క్లాక్‌తో పాటు ఒక స్టాప్‌వాచ్ కూడా ఉండాలన్నది నియమమే. ఫోనుతో సరిపెట్టుకుంటే స్క్రీన్ ఆఫ్ కాకుండా, కాల్స్ రాకుండా చూసుకోమనండి. ఒక కాగితం, పెన్ను కూడా పెట్టించండి. చివరి రెండు నిమిషాల్లో ఆట ఆగిన ప్రతిసారీ టైమర్ పక్కనున్న మనిషి క్లాక్ మీది అంకెను రాయాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు కన్సోల్ జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతే మీకు మిగిలేది ఆ కాగితమే.

ఒక చిన్న ఏర్పాటు కూడా చేసుకోండి. ఇక్కడి టేబుల్ మీద కన్నడం, తెలుగు, తమిళం, హిందీ కలిసి కూర్చుంటాయి. మామూలు మాటలు ఏ భాషలోనైనా నడవనివ్వండి, క్లాక్ అంకెలు మాత్రం అందరూ ఇంగ్లిష్‌లోనే పలకాలి. "సిక్స్ పాయింట్ ఫోర్" అని మీరంటే, టైమర్ అదే తిరిగి చెప్పాలి. చెప్పాకే మీటలు నొక్కాలి.

క్లాక్ ఎప్పుడు కదలాలి

ఇక్కడ గందరగోళం ఉన్న టైమర్ చేతుల్లో చివరి రెండు నిమిషాలు పెట్టకండి. త్రో-ఇన్‌లో (గీత బయటినుంచి బంతిని లోపలికి వేసేటప్పుడు) కోర్టు లోపలి ఆటగాడు బంతిని నియమబద్ధంగా తాకినప్పుడు క్లాక్ కదలాలి. రిఫరీ బంతి చేతికిచ్చినప్పుడు కాదు, బయటి ఆటగాడు విసిరినప్పుడు కూడా కాదు. చివరి ఫ్రీ త్రో తప్పిపోయి బంతి ఆటలో ఉంటే, కోర్టు మీది ఎవరైనా తాకగానే. రిఫరీ ఇద్దరి మధ్య బంతి పైకి వేసే జంప్ బాల్‌లో, జంపర్ సక్రమంగా తట్టగానే.

ఆగవలసిన సందర్భాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఒకదానిలో: నాలుగో క్వార్టర్‌లో, ఓవర్‌టైమ్‌లో క్లాక్ 2:00 లేదా అంతకన్నా తక్కువ చూపుతున్నప్పుడు బాస్కెట్ పడితే క్లాక్ ఆగాలి. 2:01 దగ్గర పడితే ఆగదు. టైమ్‌అవుట్ అడిగి ఉన్న జట్టు మీద ఎదుటివాళ్లు బాస్కెట్ వేస్తే అప్పుడూ ఆగుతుంది. కంపెనీ లీగుల్లో చాలాచోట్ల ఆటను విజిల్‌కు ఆగని రన్నింగ్ క్లాక్‌తో నడిపి, చివరి రెండు నిమిషాలకే ఆగే స్టాప్ క్లాక్ పెడతారు. అది ఫీబా నియమం కాదు, నిర్వాహకుల సౌకర్యం. కానీ ముప్పై ఎనిమిది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్న టైమర్ ఒక్కసారిగా ప్రతి విజిల్‌కూ స్పందించాలంటే వేలు మొరాయిస్తుంది. 2:30 దగ్గర దొరికిన మొదటి విరామంలో టేబుల్ వైపు తిరిగి రెండు వేళ్లు చూపించి గుర్తుచేయండి.

చివర్లో త్రో-ఇన్ ఇచ్చే రిఫరీ అరచేయి తెరిచి పైకెత్తి ఉంచాలి, లోపల బంతిని తాకిన క్షణంలో చేతిని కిందికి నరకాలి. టైమర్ కళ్లు బంతి మీద, ఆ చేయి మీద ఉండాలి. బోర్డు వైపు చూస్తూ మీట నొక్కే టైమర్ ఎప్పుడూ ఆలస్యమే.

చూపు ఎక్కడ ఉండాలి

విజిల్ ఊదిన వెంటనే క్లాక్ వైపు ఒక చూపు. తర్వాతే ఫౌల్ ఎవరిది, బంతి ఎవరిది. ఈ వరుస మార్చుకున్నారో, అంకె మీ చేతిలోంచి జారిపోయినట్టే. ఇద్దరు రిఫరీల ఆటలో సాధారణంగా ట్రెయిల్‌లో (దాడికి వెనక) ఉన్నవారే చివరి షాట్‌నూ క్లాక్‌నూ చూస్తారు. లీడ్‌లో (ముందు, బాస్కెట్ దగ్గర) ఉన్నవారికి బాస్కెట్ కింద తోపులాటే సరిపోతుంది. ముగ్గురైతే ఎవరు చూడాలో ఆటకు ముందే తేల్చుకోండి. ఫౌల్ పిలవని రిఫరీకి చేతులు ఖాళీ కాబట్టి, ఆ విజిల్ దగ్గరి సమయాన్ని గుర్తుపెట్టుకోవడం అతని బాధ్యతని ఒప్పందం చేసుకుంటే ఇంకా మంచిది.

బంతి ఆటగాడికిచ్చే ముందు రెండో చూపు. బోర్డు మీద ఉన్నది సరైన అంకేనా? 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ ఈ చూపు లోపించడం వల్లనే మరింత ముదిరింది. డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలతో అమెరికా సోవియట్ యూనియన్ మీద 50-49 ముందంజలో ఉంది, మిగిలింది 3 సెకన్లు. మొదటిసారి బంతి లోపలికి వేశాక టేబుల్ దగ్గర గొడవతో 1 సెకను దగ్గర ఆట ఆగింది. ఫీబా కార్యదర్శి విలియం జోన్స్ స్టాండ్స్‌లోంచి దిగివచ్చి 3 సెకన్లు తిరిగి పెట్టమన్నాడు. రెండోసారి బంతి ఇచ్చేశారు, కానీ అప్పటికి క్లాక్ ఇంకా సరిచేస్తూనే ఉన్నారు, బోర్డు మీద 50 సెకన్లు కనిపిస్తోంది. హారన్ మోగింది, అమెరికన్లు సంబరాల్లో మునిగారు, మళ్లీ వెనక్కి పిలిచారు. మూడోసారి అలెగ్జాండర్ బెలోవ్ బాస్కెట్ వేశాడు, సోవియట్ 51-50. బ్రెజిల్ రిఫరీ రెనాటో రిగెటో స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టలేదు, అమెరికా జట్టు వెండి పతకాలు తీసుకోలేదు. స్టాండ్స్‌లోని పెద్దమనిషి జోక్యం సంగతి అలా ఉంచితే, ఆ రెండో త్రో-ఇన్ ఏ రిఫరీకైనా పాఠమే: క్లాక్ సిద్ధం కాకుండా బంతి చేతిలోంచి వదలకూడదు.

క్లాక్ మొదలు కాలేదు

బంతి లోపలికి వచ్చింది, ఆటగాడు డ్రిబుల్ చేస్తున్నాడు, బోర్డు కదలడం లేదు. గమనించిన క్షణంనుంచి మనసులో లెక్క మొదలుపెట్టండి, వీలైతే చేయి ఊపుతూ. ఇంట్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పది ఊపులు సాధన చేయండి, 9.5కీ 10.5కీ మధ్య పడకపోతే ఆ లెక్కను కోర్టు మీద వాడకండి.

ఎప్పుడు ఆపాలి? ఏ జట్టుకూ నష్టం లేకపోతే వెంటనే ఆపండి. ఒక ఆటగాడు ఒంటరిగా బాస్కెట్ వైపు దూసుకుపోతున్నప్పుడు విజిల్ వేస్తే, టేబుల్ చేసిన తప్పుకు అతన్ని శిక్షించినట్టవుతుంది. 1:40 దగ్గర ఒక సెకను తేడాకు ఫాస్ట్ బ్రేక్‌ను చంపాల్సిన పని లేదు, ఆ దాడి ముగిశాక సరిచేయవచ్చు. 0:08 దగ్గరైతే మాత్రం తొలి అవకాశంలోనే ఆపాలి, లేకపోతే లేని సమయంలో ఆట నడుస్తుంది.

ఎంత తగ్గించాలి? షాట్ క్లాక్ (దాడి జట్టు షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్ల లెక్క) వేరే మనిషి చేతిలో ఉంటుంది కాబట్టి అదే మీకు మంచి సాక్షి. ఉదాహరణకు 0:41.2 దగ్గర వెనక కోర్టులో (జట్టు కాపాడుకునే సగంలో) త్రో-ఇన్, షాట్ క్లాక్ 24. మీరు ఆపినప్పుడు షాట్ క్లాక్ మీద 17. ఏడు సెకన్లు పోయాయి కాబట్టి గేమ్ క్లాక్ 34.2కి రావాలి. షాట్ క్లాక్ బోర్డు చివరి ఐదు సెకన్లకు ముందు పూర్తి సెకన్లే చూపిస్తుంది గనక ఇందులో సెకను లోపు తేడా ఉండవచ్చు. ఆపరేటర్ కన్సోల్ మీద పదో వంతులు కనిపిస్తే ముందు అది అడగండి.

షాట్ క్లాక్ లేని టోర్నీల్లో మీ చేతి లెక్కే ఆధారం. 0:18.0 దగ్గర త్రో-ఇన్, వెనక కోర్టు దాటడానికి ఉన్న ఎనిమిది సెకన్ల లెక్క వేస్తూ ఐదో ఊపు దగ్గర బోర్డు ఆగి ఉందని చూశారు. 13.0 పెట్టించండి. లెక్కే వేయకపోతే? ఆ రిఫరీ నోట వచ్చే ఏ అంకైనా బేరమే అవుతుంది.

చివరి సెకనులో క్లాక్ ఆలస్యమైతే నిర్ణయం కఠినంగా ఉంటుంది. 0.8 దగ్గర త్రో-ఇన్ అందుకుని, రెండు డ్రిబుల్స్ వేసి, ఆగి ఎగిరి కొట్టాడు, బాస్కెట్ పడింది, అప్పుడు హారన్ మోగింది. రెండు డ్రిబుల్స్, ఒక జంప్ షాట్ 0.8లో ఇమడవు. హారన్ మోగేలోపు వదిలాడు కదా అని బాస్కెట్ ఇచ్చేయకండి. రిఫరీలిద్దరూ పక్కకు వెళ్లి, బంతి తాకిన క్షణంనుంచి వదిలే దాకా ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకుని, క్రూ చీఫ్ తేల్చాలి.

క్లాక్ ముందే మొదలైంది

ఇది ఎక్కువగా టైమర్ రిఫరీ చేతిని కాకుండా పాస్‌ను చూసినప్పుడు జరుగుతుంది. 0:02.6 దగ్గర త్రో-ఇన్, రిఫరీ బంతి ఇవ్వగానే క్లాక్ కదిలింది. ఎవరూ తాకకముందే మీరు చూస్తే తేలిక: విజిల్, 2.6, అదే చోటినుంచి అదే త్రో-ఇన్. బయటి ఆటగాడి పాస్ ఎవరినీ తాకకుండా నేరుగా అవతలి గీత దాటిపోయినా ఒక్క పదో వంతు కూడా పోకూడదు. బంతి ఎదుటి జట్టుకు, మొదటి త్రో-ఇన్ చోటి నుంచే.

తాకిన తర్వాత తెలిస్తే లెక్క ఇలా. లోపలి ఆటగాడు బంతి అందుకున్నప్పుడు బోర్డు మీద 1.1 ఉందని మీరు చూశారు, బంతి చేతిలో ఉండగానే హారన్ మోగింది. అతను న్యాయంగా వాడుకున్నది 1.1. అతనికి దక్కవలసింది 2.6. తేడా 1.5. క్లాక్ మీద 1.5 పెట్టి, హారన్ మోగినప్పుడు బంతి ఉన్నచోటికి దగ్గర్లోని గీత నుంచి అదే జట్టుకు త్రో-ఇన్. 1.1 ఎవరూ చూడలేదంటే ఖాయంగా తెలిసిన అంకె ఒక్కటే, 2.6. నియమాల్లో స్పష్టంగా లేని విషయం తేల్చే అధికారం క్రూ చీఫ్‌దే. అప్పుడు త్రో-ఇన్ మొత్తం మళ్లీ ఇవ్వడమే మా దృష్టిలో తక్కువ అన్యాయం.

చివరి రెండు నిమిషాల్లో బంతి ఇంకా బయటే ఉండగా రక్షణ జట్టు ఫౌల్ చేస్తే త్రో-ఇన్ ఫౌల్: ఒక ఫ్రీ త్రో, మళ్లీ బంతి. ఆ సమయంలో క్లాక్ కదిలి ఉంటే వెనక్కి తేవాలి. ఫౌల్ గొడవలో ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

విజిల్ వేసినా ఆగలేదు

ఫౌల్ విజిల్ వేసినప్పుడు మీరు 6.4 చూశారు, బోర్డు 4.9 దగ్గర ఆగింది. 6.4 పెట్టించండి. మీరు చూడలేదు, సహ రిఫరీ చూశాడు, అతని అంకె చెల్లుతుంది. ఇద్దరూ చూడలేదు, టైమర్ "దాదాపు సెకను లేటయ్యానన్నా" అంటున్నాడు. "దాదాపు" అన్న మాట వచ్చిందంటే క్లాక్ ముట్టుకోకండి. శబ్దం విని వేలు కదలడానికి ఎంత చురుకైన మనిషికైనా సెకనులో ఐదో వంతు అటూఇటూగా పడుతుంది. ఆ మాత్రం తేడాను వెంటాడటం మొదలుపెడితే ఆట సాగదు.

విజిల్ హారన్ కన్నా ముందే వచ్చిందని రిఫరీలిద్దరికీ ఖాయం, కానీ బోర్డు 0.0, అంకె ఎవరి దగ్గరా లేదు. ఫౌల్ మాత్రం నిలుస్తుంది. ఆ క్వార్టర్‌లో ఎదుటి జట్టుకు ఐదో ఫౌల్ లేదా ఆ పైది అయితే రెండు ఫ్రీ త్రోలు సున్నా మీదే వేయించాలి, రీబౌండ్‌కు ఎవరూ నిలబడరు.

వెనక్కి పెట్టే అంకె 0.3నా, 0.2నా అన్నది చిన్న విషయం కాదు. 0.3 లేదా పైన ఉంటే త్రో-ఇన్ అందుకుని షాట్ కొట్టవచ్చు. 0.2 లేదా 0.1 అయితే బంతిని తట్టి వేయాలి, లేదా నేరుగా డంక్ చేయాలి, అంటే చేత్తో రింగులోకి దించాలి. 1990 జనవరిలో న్యూయార్క్ ఆటగాడు ట్రెంట్ టక్కర్ 0.1 సెకను మిగిలి ఉండగా బంతి అందుకుని, తిరిగి మూడు పాయింట్ల షాట్ వేసి షికాగో మీద గెలిపించాడు, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 0.3 నియమం దాని ఫలితమే. పదో వంతులు చూపించని బోర్డుతో ఈ నియమం అమలు చేయడం కష్టం. చూపించే బోర్డు ఉంటే, బంతి ఇచ్చే ముందు రెండు బెంచీలకూ "0.2, ట్యాప్ మాత్రమే" అని గట్టిగా చెప్పండి.

ఆపాక మళ్లీ ఎలా మొదలుపెట్టాలి

రెండు జట్లనూ బెంచీల దగ్గరికి పంపండి, టేబుల్ దగ్గర మీరిద్దరూ, టైమర్, స్కోరర్ తప్ప ఎవరూ ఉండకూడదు. ముందు టైమర్‌ను అడగండి, "నువ్వేం నొక్కావు, ఎప్పుడు నొక్కావు?" జవాబు వచ్చేదాకా మీ అంకె బయట పెట్టకండి, పెడితే అతను దాన్నే ఒప్పుకుంటాడు. అంకె తేలాక బోర్డు మీద మారిందని మీ కళ్లతో చూసి, రెండు కోచ్‌లనూ ఒకేసారి పిలిచి మూడు మాటలు: ఏం జరిగింది, ఎంత పెట్టాం, బంతి ఎవరిది ఎక్కడినుంచి. చర్చ వద్దు.

షాట్ క్లాక్ ఇక్కడ మెలిక పెడుతుంది. ఏ జట్టుకూ సంబంధం లేని కారణంతో ఆట ఆగితే, బంతి ఉన్న జట్టుకు మామూలుగా వెనక కోర్టులో కొత్తగా 24 వస్తుంది; ముందు కోర్టులో 13 లేదా తక్కువ ఉంటే 14 వస్తుంది. కానీ దానివల్ల ఎదుటి జట్టుకు నష్టమని రిఫరీలు భావిస్తే, ఆగిన చోటినుంచే కొనసాగించాలి. స్కోరు సమంగా ఉండి ఇరవై ఐదు సెకన్ల లోపు మిగిలినప్పుడు కొత్త షాట్ క్లాక్ ఇస్తే, బంతి ఉన్న జట్టుకు చివరి షాట్ దాకా బంతి దాచుకునే వరం ఇచ్చినట్టే. చివరి నిమిషంలో క్లాక్ తప్పుకు మిగిలిన సమయమే ఇవ్వండి.

కరెంటు పోయి బోర్డు లేకపోతే కాగితం మీది చివరి అంకెతో స్టాప్‌వాచ్ మీద ఆడించవచ్చు. టైమర్ ముప్పై, ఇరవై, పది, ఆపైన ఐదు నుంచి ఒక్కొక్కటీ రెండు బెంచీలకూ వినపడేలా చెప్పాలి. ముగింపుకు చేతి హారన్ ఉండాలి. రిఫరీ విజిల్‌తో కలిసిపోయే శబ్దం పనికిరాదు.

ఫోను వీడియోలు

ఆట అవగానే ఎవరో ఫోను పట్టుకుని పరిగెత్తుకొస్తారు. రీప్లే వాడాలంటే ఆ ఏర్పాటును క్రూ చీఫ్ ఆటకు ముందే చూసి ఆమోదించి ఉండాలి. ఆమోదం లేని వీడియోను, అది లైవ్ స్ట్రీమ్ అయినా సరే, నిర్ణయానికి వాడకూడదు. ఆమోదించిన రీప్లే ఉంటే క్లాక్ లేదా షాట్ క్లాక్ మొరాయించినప్పుడు ఎంత సరిచేయాలో చూడటానికి ఆటలో ఎప్పుడైనా వాడవచ్చు. వీడియోలో క్లాక్ కనిపించకపోతే ఫ్రేములు లెక్కపెట్టండి: సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 0.04 సెకను, బంతి తాకిన ఫ్రేము నుంచి విజిల్ దాకా 35 ఫ్రేములుంటే 1.4 సెకన్లు. ఫోను వీడియోల్లో ఫ్రేముల వేగం మధ్యలో మారుతుంటుంది, అందుకే ఆ లెక్క వాటికి కుదరదు.

అభ్యంతరం వస్తే

సరిదిద్దని క్లాక్ తప్పువల్ల నష్టపోయామని జట్టు అనుకుంటే ప్రొటెస్ట్ ఇవ్వవచ్చు. ఆట ముగిసిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ క్రూ చీఫ్‌కు చెప్పి, స్కోర్‌షీట్‌లో దానికని ఉన్న గడిలో సంతకం పెట్టాలి. కారణాలు రాతపూర్వకంగా గంటలోపు అందాలి. కాబట్టి చివర్లో క్లాక్ వివాదం జరిగిన ఆటలో స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టడానికి తొందరపడకండి. మీ సంతకంతో సరిదిద్దే అవకాశం మూసుకుపోతుంది. ముందు కాగితం మీది అంకెలు, స్కోర్‌షీట్, టైమర్ మాట మూడూ కలుస్తున్నాయా చూడండి. ఆ కాగితాన్ని స్కోర్‌షీట్‌తో కలిపి నిర్వాహకులకు ఇచ్చేయండి.